పసుపు ముద్ద, నులక మంచం: పిరికితనపు నిందకు ఒక చరిత్ర

మగవాణ్ణి పిరికివాడని ఎత్తిపొడవాలంటే తెలుగునాట ఆడవాళ్ల వస్తువులే ఆయుధాలు. సభల్లో నాయకులు ‘మేమేమీ గాజులు తొడుక్కుని కూర్చోలేదు’ అని సవాలు విసురుతారు. పని చేయని అధికారికి ధర్నాలో చీర, గాజులు ఇచ్చి వస్తారు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లగాడు ట్యాంకులోకి దిగడానికి జంకితే ‘ఏందిరా, భయమైతుందా? గాజులు తొడగాల్నా?’ అనేస్తారు. అన్నవాడికి అది ఉత్త మాట. పడ్డవాడికి మాత్రం దిగక తప్పని పరిస్థితి. ఈ నింద ఇంత బలంగా ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే 13వ శతాబ్దపు నెల్లూరు దాకా వెళ్లాలి.

అప్పుడు నెల్లూరును తెలుగు చోడ ప్రభువు మనుమసిద్ధి ఏలుతున్నాడు. ఆయన కొలువులో మంత్రి భాస్కరుడి మనవలు ఇద్దరున్నారు, ఇద్దరి పేరూ తిక్కనే. కొమ్మన కొడుకు కవి, మహాభారతాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజి. సిద్ధన కొడుకు సేనాని, ఖడ్గ తిక్కనగా పేరుపడ్డవాడు. మందలతో మేత వెతుక్కుంటూ వచ్చిన కాటమరాజుకూ, నెల్లూరు ప్రభువుకూ పుల్లరి దగ్గర తగాదా వచ్చింది. ప్రభువు నేల మీద పశువులను మేపుకున్నందుకు కట్టే పన్నే పుల్లరి. కాటమరాజు కథాగేయాల్లో ఈ ప్రభువు పేరు నల్లసిద్ధి, చాటువుల సంప్రదాయంలో మనుమసిద్ధి. పేరు ఏదైనా తగాదా మాత్రం గడ్డి గురించే. అది ముదిరి యుద్ధమైంది. నెల్లూరు పక్షాన కత్తి పట్టి వెళ్లిన ఖడ్గ తిక్కన మొదటి పోరులో నిలవలేక ఇంటికి తిరిగి వచ్చాడు.

ఆ తర్వాత ఇంట్లో జరిగినదాన్ని శాసనాలు చెప్పలేదు, చాటువులు చెప్పాయి. స్నానానికి వచ్చిన తిక్కనకు పెరట్లో నులక మంచం అడ్డంగా నిలబెట్టి ఉంది. దాని చాటున నీళ్లు, పక్కన నలుగుకు పసుపు ముద్ద. మగవాడి స్నానానికి చాటెందుకు, పసుపెందుకు? అడిగితే భార్య చానమ్మ జవాబిచ్చింది. శత్రువుకు వెన్ను చూపి వచ్చాక ఇంట్లో అత్త, తాను, మీరు కలిసి ముగ్గురు ఆడవాళ్లమయ్యామని, ఇక సిగ్గుపడాల్సిన పనేముందని ఆమె మాటల సారం. భోజనానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. కొడుకు ముఖం చిట్లిస్తే, నువ్వు విరిగి వచ్చావు, పశువులు విరిగి వచ్చాయి, పాలూ విరిగాయని ఆమె అంది. తిక్కన మళ్లీ గుర్రమెక్కి యుద్ధానికి వెళ్లాడు. ఈసారి తిరిగి రాలేదు.

తరతరాలుగా తెలుగువాళ్లు ఈ కథను వీరగాథగా చెప్పుకున్నారు. వీరపత్ని, వీరమాత అని ఆ ఇద్దరినీ కీర్తించారు. ఆ కీర్తనలో మరుగునపడిన సంగతులు మూడున్నాయి. ఓడిన సేనాని బలగాన్ని మళ్లీ కూడగట్టుకోవడానికి వెనక్కి రావడం యుద్ధనీతికి కొత్త కాదు. అయినా ఎందుకు వచ్చావని కథలో ఎవరూ అడగరు, వచ్చినందుకు మాత్రం పసుపు పెట్టారు. ఇక, పుల్లరి కోసం యుద్ధం తెచ్చిన ప్రభువును నిందించే మాట ఈ కథలో వినిపించదు. గడ్డి ఆయనది, ప్రాణం తిక్కనది. చివరిది, ఆడపుట్టుకే అవమానమనే మాటను ఆడవాళ్ల నోటనే పలికించారు. మంచం చాటున స్నానం చేయడం, పసుపు రాసుకోవడం చానమ్మకూ ప్రోలమ్మకూ రోజూ ఉండే పనులే. తమ బతుకునే తిట్టుగా మార్చి కొడుకు మీదా, మొగుడి మీదా విసరవలసిన చోట ఆ కథ వాళ్లను నిలబెట్టింది.

అదే కాలంలో ఓరుగల్లు సింహాసనం మీద ఒక స్త్రీ కూర్చుంది. గణపతిదేవుడి కూతురు రుద్రమ సొంత సామంతులతోనూ, దేవగిరి యాదవులతోనూ పోరాడి రాజ్యం నిలుపుకుంది. అయినా చాలా శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. యుద్ధంలో గెలిచిన స్త్రీ మగపేరు పెట్టుకోవాలి, ఓడిన మగవాడు ఆడదానిగా పిలిపించుకోవాలి. ధైర్యం మగవాడి సొత్తని అందరూ ఒప్పుకున్న కాలంలో ఈ రెండూ ఒకే నమ్మకం నుంచి పుట్టాయి.

ఆ నమ్మకాన్ని కదిలించిన రచన కూడా ఖడ్గ తిక్కన ఇంటిలోనే పుట్టింది. నన్నయ ఆదిపర్వంతో మొదలైన తెలుగు భారతాన్ని సోమయాజి తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. ఆ పర్వంలోనూ యుద్ధానికి కారణం పశువులే. కౌరవులు విరాటుడి ఆవులను తోలుకుపోతుంటే అంతఃపురంలో ఆడవాళ్ల ముందు ఉత్తర కుమారుడు ప్రగల్భాలు పలుకుతాడు. సారథి ఒక్కడు దొరికితే చాలు, అందర్నీ గెలిచి వస్తానంటాడు. సారథిగా దొరికింది బృహన్నల, అంటే పేడి వేషంలో ఆటపాటలు నేర్పుతున్న అర్జునుడు. కౌరవ సేనను చూడగానే ఉత్తరుడు రథం దిగి పరుగు తీస్తాడు. జడ వేలాడుతుండగా వెంటపడి పట్టుకునేది బృహన్నలే. పిరికివాడు రాజకుమారుడు, యోధుడు చీరకట్టిన పేడి. ఆనాటి దాకా గాజులు వేసుకున్న చేతులే జమ్మిచెట్టు మీది నుంచి దింపిన గాండీవానికి నారి సంధించాయి.

పరుగెత్తిన ఉత్తరుణ్ణి అర్జునుడు ఏం చేశాడన్నది ఇంకా ముఖ్యం. ఆడదానివని వెలివేయలేదు. భయం పోయేలా మాట చెప్పి, చేయగల పని చేతికిచ్చాడు. యుద్ధం తాను చేస్తానని, పగ్గాలు పట్టమని అన్నాడు. ఆ రోజు ఉత్తరుడు మంచి సారథి అయ్యాడు. కురుక్షేత్రంలో మొదటి రోజునే శల్యుడితో తలపడి చనిపోయింది కూడా ఇతడే. మన నానుడిలో మాత్రం ఉత్తర కుమారుడి ప్రగల్భాలు మిగిలాయి, అతని మరణం మిగల్లేదు. తిట్టుకు పనికొచ్చే భాగాన్నే జనం నోట నిలుపుకున్నారు.

ఇంగ్లండులోనూ ఈ నింద నడక ఇదే. పాలలో నానబెట్టిన రొట్టెముక్క పేరుతో, మిల్క్‌సాప్ అని, అక్కడ పిరికి మగవాణ్ణి తిట్టేవారు. 14వ శతాబ్దం చివర చాసర్ రాసిన ‘కాంటర్‌బరీ టేల్స్’లో సత్రం యజమాని హ్యారీ బెయిలీ తన భార్య గురించి చెప్పుకుంటాడు. చర్చిలో ఎవరైనా తనకు మర్యాద ఇవ్వకపోతే వాళ్లను కొట్టి రమ్మంటుంది, వెళ్లకపోతే ఆ తిట్టు తిడుతుంది. నీ కత్తి నాకిచ్చి నా కదురు నువ్వు పట్టుకొమ్మంటుంది. అక్కడ కదురు, ఇక్కడ పసుపు. రెండు చోట్లా తిట్టేది భార్య నోరే, ఎత్తిచూపేది ఆడవాళ్ల పనిముట్టునే.

1914లో ఆ తిట్టుకు ఒక అడ్మిరల్ అండ దొరికింది. బ్రిటన్ మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగిన ఆగస్టు నెలలోనే అడ్మిరల్ చార్లెస్ ఫిట్జెరాల్డ్ ఫోక్‌స్టన్ పట్టణంలో 30 మంది స్త్రీలను కూడగట్టాడు. యూనిఫాం లేకుండా వీధిలో కనిపించిన యువకుడి చేతిలో పిరికితనానికి గుర్తుగా తెల్ల ఈక పెట్టడం వాళ్ల పని. ఈక అందుకున్నవారిలో గాయపడి ఇంటికొచ్చిన సైనికులూ, సెలవు మీద వచ్చినవారూ ఉన్నారు. గాయాలతోనో జబ్బుతోనో సైన్యం విడిచినవారికి ప్రభుత్వం 1916లో వెండి బ్యాడ్జి ఇవ్వడం మొదలుపెట్టింది. వీధిలో అవమానం తప్పడానికి గాయపడినవాడు కోటు మీద సాక్ష్యం తగిలించుకుని తిరగవలసి వచ్చింది. ఈక పంచిన స్త్రీలు కందకాల్లో పోరాడవలసినవారు కారు, వాళ్లను పురమాయించిన అడ్మిరల్ అప్పటికే రిటైరైనవాడు.

నెల్లూరు, చాసర్, ఫోక్‌స్టన్ కథలను పక్కపక్కన పెడితే ఒక సూత్రం తేలుతుంది. ప్రమాదం తాము మోయనివాళ్లు మోసేవాణ్ణి ముందుకు తోయడానికి వాడే సాధనమే పిరికివాడనే నింద. అందులో ధైర్యం గురించిన విచారణ ఉండదు. ఎదుటి వాడు ప్రశ్న అడిగేలోపే అతని నోరు మూయించడమే దాని పని.

ఈ సూత్రం సంగారెడ్డి జిల్లాలో ఎంతో నష్టం చేయగలదు. 1970ల నుంచి పటాన్‌చెరు చుట్టూ పారిశ్రామికవాడలు పెరిగాయి. మందులు, రసాయనాలు, ఇనుము, బాయిలర్లు వచ్చాయి. వాటి వెంట బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి కార్మికులూ వచ్చారు. కంపెనీల వ్యర్థాలతో నక్కవాగు రంగు మారినప్పుడు ఆ నీళ్లు పొలానికి పెట్టడానికి భయపడింది వాగు ఒడ్డు రైతులు. ఆ భయమే వాళ్లను పోరాటానికి నడిపించింది, 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కాలుష్య కేసుకు నేపథ్యమైంది. మంజీరను కలిసే ఆ వాగు విషయంలో మొదట నిజం పసిగట్టింది భయపడినవాళ్లే.

భోపాల్ దుర్ఘటన తర్వాత చట్టం కూడా ఈ నిజాన్ని ఒప్పుకుంది. 1984 డిసెంబరు 2 రాత్రి గ్యాస్ లీకై వేల మంది చనిపోయాక, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 41-హెచ్ సెక్షన్ చేర్చారు. ప్రమాదకర ప్రక్రియలు నడిచే ఫ్యాక్టరీలో ప్రాణానికి ముప్పు దగ్గర్లో ఉందని కార్మికుడికి సహేతుకమైన భయం కలిగితే యాజమాన్యానికి, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కు చెప్పే హక్కు అతనికి ఉంది. ముప్పు నిజమని తేలితే యాజమాన్యం వెంటనే సరిదిద్దాలి. 2020 నాటి వృత్తిభద్రత కోడ్ కూడా ఈ హక్కును నిలిపింది. చానమ్మ తిట్టిన భయాన్ని భారత పార్లమెంటు హక్కుగా రాసింది.

2025 జూన్ 30న పాశమైలారంలో ఔషధాల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. అంతమంది శవాలను చూసిన నేల మీద జంకిన కార్మికుణ్ణి గాజుల పేరుతో తిట్టడం తప్పు. అది అతని ప్రాణానికి ముప్పు, పక్కన షెడ్డులో గాజుల చేతులతోనే ప్యాకింగ్ చేస్తున్న ఆడ కూలీకి అవమానం. పాలకుర్తిలో దేశ్‌ముఖ్ మనుషులకు ఎదురు నిలిచి పండిన పంటను కాపాడుకున్న చాకలి ఐలమ్మ చేతులవి.

ఖడ్గ తిక్కన కథను మన పిల్లలకు చెప్పాలి, సోమయాజి తిక్కన ఉత్తరుడి కథతో కలిపి చెప్పాలి. సూపర్‌వైజర్లకూ, యూనియన్ నాయకులకూ, తోటి కార్మికులకూ ఒక విన్నపం: మీ షెడ్డులో ఎవరైనా భయమవుతోందంటే ఎందుకని అడగండి, అతను చెప్పింది కాగితం మీద రాయించండి, సరిచేసేదాకా పని ఆపండి. గాజుల మాట ఇక మన నోట రాకూడదు.