ఆకాశమందలి గడియారములు



నేఁడు పట్నపు అద్దెకారు పిలిచినవారి గుమ్మమునకే వచ్చి నిలుచుచున్నది. దానికి దారి చూపునది చేతిలోని ఫోను. ఆ ఫోనునకుఁ దారి తెలుపునవి ఆకాశమందలి ఉపగ్రహములు. ఇట్టి ప్రోగ్రాములు వ్రాయు యువకులకు ఏ దేశపు ఉపగ్రహములను నమ్మవలెనను సందేహము కలుగుచుండును. అది తీరవలెనన్నఁ గొంత చరిత్ర వినవలెను.

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ రష్యావారు స్పుత్నిక్కును ప్రయోగించిరి. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలయందు గయర్, వైఫెన్‌బాక్ అను నిరువురు దాని కూఁతను వినిరి. దగ్గఱకు వచ్చు రైలుకూఁత స్వరము హెచ్చుటయు, దూరమైనపుడు తగ్గుటయు మన మెఱిఁగినదే. ఆ మార్పును బట్టియే వారు స్పుత్నిక్కు త్రోవను లెక్కగట్టిరి. మఱుసటి యేఁడు వారి పై యధికారి మెక్‌క్లూర్ ప్రశ్నను తలక్రిందులు చేసెను: ఉపగ్రహ మున్న చోటు తెలిసినచో, వినువాఁ డున్న చోటు తెలియదా? ఈ విద్య యంతయు నా ప్రశ్ననుండియే పుట్టినది.

1978లో అమెరికా సైన్యమువారు జి.పి.యస్. ఉపగ్రహములను పంపనారంభించిరి. వానిలో నణు గడియారము లుండును. సంకేతము వచ్చుటకుఁ బట్టిన కాలమును బట్టి దూరము తెలియును. గడియారము సెకనులో పదిలక్షలవ వంతు తప్పిన, దూరము 300 మీటర్లు తప్పును! 1983లో దారితప్పిన కొరియా విమానమును రష్యావారు కూల్చఁగా 269 మంది మరణించిరి. అప్పుడు రీగన్ ఈ సౌకర్యమును లోకమునకెల్ల నిత్తుమని ప్రకటించెను. ఇచ్చిరిగాని, 2000 మే నెలవఱకుఁ బరులకు బుద్ధిపూర్వకముగా మసక సంకేతమునే యిచ్చిరి. నూఱు మీటర్ల తప్పనఁగా, మన గట్టు పొరుగువాని చేనిలోఁ జూపుట!

రష్యావారి గ్లోనాస్ 1995 నాఁటికిఁ బూర్తియై, ధనాభావముచే క్షీణించి, 2011లో మరలఁ గోలుకొన్నది. ఐరోపావారి గెలీలియో 2019 జూలైలో ఇంచుమించు వారము దినములు మూగవోయినది.

మన నావిక్కు మాట చెప్పవలెను. 2013 మొదలు 2016 వఱకు శ్రీహరికోటనుండి యేడు ఉపగ్రహములు పోయినవి. మొదటిదానిలోని విదేశీ గడియారములు మూఁడును జెడినవి. దానికి బదులుగా 2017లోఁ బంపినది, రాకెట్టు పైకప్పు విడివడమిచే వ్యర్థమయ్యెను. 2023 మే 29న ఎన్.వి.ఎస్.-01తో స్వదేశపు గడియారము పైకెక్కినది. ఆనాఁడు నాకుఁ గలిగిన సంతోష మింతింత యనరాదు.

అయినను, మనదని యొక్కదానినే పట్టుకొనుట నా మతము గాదు. నేఁటి ఫోనులు పలు దేశముల సంకేతముల నేకకాలమున వినఁగలవు; నావిక్కును మాత్రము అన్ని ఫోనులును వినలేవు. ప్రోగ్రాము వ్రాయువాఁడు ఒక దేశపు పేరు దానిలోఁ గట్టివేయక, వినఁబడినవాని నన్నిటిని గైకొననీయవలెను. 2025 జనవరి 29న శ్రీహరికోట నూఱవ ప్రయోగముగాఁ బంపిన ఎన్.వి.ఎస్.-02, కవాటము తెఱచుకొనమిచే నిర్ణీత కక్ష్యను జేరలేకపోయినది.