లాంచీ ఇంజన్ వేగం తప్పితే: సరంగు వరుసగా చూడవలసిన అంశాలు

హౌరా నుంచి ఆగ్నేయ రైల్వే మార్గంలో వచ్చే తొలి స్టేషన్ టికియాపారా. ఆ ప్రాంతంలోని బెలిలియస్ రోడ్డు లేతు మిషన్లకు, ఫౌండ్రీలకు, చిన్నచిన్న ఇంజనీరింగు పనిశాలలకు పేరుపొందింది. హుగ్లీ నదికి ఇంత చేరువలో పనిశాలలు ఉండడం లాంచీల వారికీ, బెంగాలీలు భుట్‌భుటి అని పిలిచే మరపడవల వారికీ సౌలభ్యమే. అయితే ఇంజన్ వేగం తప్పినప్పుడల్లా ఇంధన పంపును విప్పి పనిశాలకు చేర్చవలసిన అవసరం లేదు. చాలా సందర్భాలలో లోపం పంపులో కాక, దానికి ముందున్న గొట్టంలోనో, వడపోత డబ్బాలోనో, నీటి అడుగున ఉన్న ప్రొపెల్లరులోనో ఉంటుంది. దానిని రేవులోనే గుర్తించవచ్చు.

హుగ్లీ ఆటుపోట్ల నది. పోటు వేళ ప్రవాహం ఎగువకు, ఆటు వేళ దిగువకు తిరుగుతుంది. కొన్ని తిథులలో సముద్రపు నీరు గోడవలె లేచి నదిలోకి చొచ్చుకువస్తుంది. స్థానికులు దీనిని బాన్ అంటారు. ఇటువంటి నీటిలో ఇంజన్ బలం కోల్పోయిన లాంచీ ప్రవాహానికి కొట్టుకుపోయి రేవు కట్టడాలను, లంగరు వేసిన బార్జీలను ఢీకొనవచ్చు. అందువల్ల వేగంలో చిన్న తేడా కనిపించినా ప్రయాణికులను ఎక్కించుకోక ముందే కారణం తెలుసుకోవాలి.

లీవరు చేసే పని

పెట్రోలు ఇంజనులో లీవరు లోపలికి వెళ్ళే గాలిని నియంత్రిస్తుంది. సాధారణ డీజిల్ ఇంజనులో అలా కాదు. సరంగు లీవరును జరిపినప్పుడు కోరిన వేగమెంతో గవర్నరుకు అందుతుంది. ఆ వేగాన్ని నిలబెట్టడానికి ఎంత ఇంధనం పంపాలో గవర్నరు నిర్ణయిస్తుంది. కనుక లీవరు నిండుగా తోసినా వేగం రాలేదంటే మూడు కారణాలు ఉండవచ్చు. ఆదేశం పంపు వరకు చేరకపోవచ్చు. ఆదేశం చేరినా ఇంధనమో గాలియో చాలకపోవచ్చు. రెండూ చాలినా ఇంజన్ మీద మోయలేని భారం పడి ఉండవచ్చు.

తొలి పరీక్ష

లాంచీని రేవుకు గట్టిగా కట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజన్ వేడెక్కిన తరువాత లీవరును నెమ్మదిగా పెంచి చూడాలి. న్యూట్రల్‌లోనే వేగం రాకపోతే ముందుగా కేబుల్‌ను అనుమానించాలి. ఒకరు చుక్కాని వద్ద లీవరు జరుపుతూ ఉండగా మరొకరు పంపు మీది చేయి చివరి వరకు కదులుతున్నదో లేదో గమనించాలి. కదలకపోతే కేబుల్ తుప్పు పట్టి ఉండవచ్చు, తెగి ఉండవచ్చు, లేదా బిగింపు జారి ఉండవచ్చు. కేబుల్ విడదీసి పంపు చేయిని చేతితో జరిపితే వేగం పెరిగిందంటే పంపు నిర్దోషి.

న్యూట్రల్‌లో వేగం సక్రమంగా వచ్చి, గేరు వేసి నదిలోకి వెళ్ళాక పడిపోతే పొగగొట్టాన్ని చూడాలి. నల్లని పొగ వస్తే ఇంధనం అందుతున్నది కాని దానికి తగినంత గాలి లేదు, లేదా భారం మితిమీరింది. పొగ లేకుండానే ఇంజన్ నీరసిస్తే ఇంధనం చాలడం లేదని భావించాలి. ఈ ఒక్క తేడాతో వెతుకులాట సగానికి తగ్గుతుంది.

ఇంధనం చాలకపోతే

వేగం తనంతట తాను పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఇంధనపు దారిలో గాలి చేరిందనేది తొలి అనుమానం. ట్యాంకు నుంచి పంపు వరకు గొట్టంలో ప్రతి బిగింపునూ పరిశీలించాలి. చూషణ వైపు గొట్టంలో డీజిల్ బయటకు కారకుండానే గాలి లోపలికి చొరబడవచ్చు. వడపోతను మార్చిన తరువాత చేతిపంపుతో గాలిని పూర్తిగా వెళ్ళగొట్టాలి.

బెంగాల్ వాన కాలపు తేమకు సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోపల నీటి బొట్లు పేరుకుంటాయి. ఆ నీటి వద్ద సూక్ష్మజీవులు పెరిగి జిగురు వంటి మడ్డి వడపోతను మూసివేస్తుంది. నీరు వేరుచేసే గిన్నెను రోజూ ఖాళీ చేయడం, సాయంత్రం పని ముగియగానే ట్యాంకు నింపడం దీనికి నివారణ.

బయలుదేరినప్పుడు బాగా నడిచి, కొంతసేపటికి నీరసించే ఇంజన్ విషయంలో ట్యాంకు గాలిరంధ్రం చూడాలి. మూత వదులు చేయగానే వేగం కోలుకుంటే ఆ రంధ్రం మూసుకుపోయినట్టే. అప్పటికీ తేలకపోతే శుభ్రమైన డీజిల్ డబ్బా నుంచి వేరే గొట్టంతో ఇంజన్ నడిపి చూడాలి. బాగా నడిస్తే లోపం ట్యాంకుకు, ఆ గొట్టం కలిపిన చోటుకు మధ్య ఉన్నట్టు.

భారం పెరిగితే

నల్లని పొగకు మొదట గాలి వడపోతను, ఆ తరువాత ప్రొపెల్లరును చూడాలి. హుగ్లీలో గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, తెగిన వలలు, తాళ్ళు ప్రొపెల్లరుకు చుట్టుకుంటాయి. దుర్గా పూజల నిమజ్జనం తరువాత విగ్రహాల గడ్డి, గుడ్డ, వెదురు కూడా తోడవుతాయి. రెక్క వంగినా, పట్టీ నాచు పేరుకున్నా ఇదే ఫలితం. ప్రొపెల్లరును పరిశీలించే ముందు ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి దగ్గర ఉంచుకోవాలి.

ఒండ్రు వల్ల నీటి జల్లెడ పూడిపోతే ఇంజన్ వేడెక్కుతుంది. ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న కొత్త ఇంజన్లు తమను తాము కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటాయి. అటువంటప్పుడు లీవరును మరింత తోయడం వృథా. వాటిలో బ్యాటరీ వోల్టేజీ, లీవరు సెన్సరు తీగల బిగింపులు కూడా చూడాలి.

వేగం తగ్గకపోతే

లీవరు వెనక్కి లాగినా వేగం దిగకపోవడం అన్నిటికన్న ప్రమాదకరం. పంపులో లోపల బిగుసుకుపోయినా, అరిగిన టర్బో గుండా ఇంజన్ తన కందెన నూనెనే మండించుకుంటున్నా ఇలా జరుగుతుంది. ముందు స్టాప్ లీవరు, ఆ తరువాత ఇంధనం కుళాయి మూయాలి. నూనె మీద నడుస్తుంటే ఇంధనం ఆపినా ఇంజన్ ఆగదు. గాలి వెళ్ళే నోటిని మందపాటి పలకతో మూయాలి. చేతిని, గుడ్డను అక్కడ పెట్టకూడదు.

నడి నదిలో

నదిలో ఇంజన్ బలం పడిపోతే మరమ్మతు కన్న ముందు లంగరు వేయాలి. ప్రయాణికులను ఒకే పక్కకు చేరనీయకుండా కూర్చోబెట్టి, లైఫ్ జాకెట్లు ధరింపజేసి, ఇతర లాంచీలకు సంకేతం ఇవ్వాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక పడవ వరద ఉద్ధృతిలో మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. నది ఉరవడి ముందు యంత్రబలానికి హద్దు ఉందని తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం యాంత్రిక పడవలకు రిజిస్ట్రేషన్‌ను, సర్వే ధ్రువపత్రాన్ని నిర్దేశించింది. సర్వే జరిగిన రోజుకు, మరుసటి సర్వేకు నడుమ ఇంజన్ స్థితిని కనిపెట్టవలసింది సరంగే. న్యూట్రల్‌లో వచ్చిన వేగం, నదిలో వచ్చిన వేగం, పొగ రంగు, వడపోత మార్చిన తేదీ ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. గవర్నరు మీది సీలు వేసిన మరను కదపకూడదు. దాని అమరిక పరీక్షా యంత్రం మీద జరగవలసిన పని. పంపును పనిశాలకు పంపక తప్పని రోజున ఆ పుస్తకం కూడా వెంట వెళితే మెకానిక్‌కు వెతుకులాట, యజమానికి ఖర్చు తగ్గుతాయి.