సన్యాసుల మఠంలో రిగ్గు కుర్రాళ్లు

1943 మార్చి. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో కెల్‌హామ్ హాల్ అనే ఎర్ర ఇటుకల భవంతి. పొడవాటి అంగీల ఆంగ్లికన్ సన్యాసులు ప్రార్థనలు చేసుకునే చోటు. కౌబాయ్ బూట్లతో 42 మంది అమెరికన్లు పెట్టే బేడా సర్దుకుని అక్కడికి వచ్చి దిగారు. ఎందుకొచ్చారో ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. సినిమా తీయడానికట అని కొందరు గుసగుసలాడుకున్నారు.

వాళ్లొచ్చింది చమురు బావులు తవ్వడానికి. షేర్‌వుడ్ అడవి అంటే రాబిన్‌హుడ్ గుర్తొస్తాడు గానీ, అక్కడికి దగ్గర్లోని ఈక్రింగ్ అనే పల్లె కింద ముడిచమురు ఉందని అప్పటికి కొద్దిమందికే తెలుసు.

ఇంగ్లండ్ నేలలో చమురు కోసం వెతుకులాట అంతకు ముందే మొదలైంది. 1919లో డెర్బీషైర్‌లోని హార్డ్‌స్టాఫ్ట్‌లో ఒక బావిలో చమురు పడింది గానీ, ఆ చుట్టుపక్కల వేసిన బావులు నిరాశపరిచాయి. భూగర్భంలోని చమురు రాజ్యానికే చెందుతుందని 1934లో చట్టం వచ్చాకే అన్వేషణ ఊపందుకుంది. ఆంగ్లో-ఇరానియన్ కంపెనీకి (ఇప్పటి బీపీ) అనుబంధమైన డార్సీ ఎక్స్‌ప్లొరేషన్ వాళ్లకు 1939 జూన్‌లో ఈక్రింగ్‌లో ఫలితం దక్కింది. రెండు వేల అడుగుల పైచిలుకు లోతున, ఇసుకరాతి పొరల్లో. మూడు నెలలు తిరక్కుండానే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది.

అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గాములు చమురు నౌకలను ముంచుతుంటే, సొంత నేల చమురుకు ఎక్కడలేని విలువ వచ్చింది. కానీ బావులు తవ్వే బ్రిటిష్ రిగ్గులు నెమ్మది. ఒక బావి పూర్తయ్యాక 135 అడుగుల గోపురాన్ని ముక్కలుగా విప్పి, మరోచోట మళ్లీ బిగించుకోవాలి. వారాలు గడిచిపోయేవి. డార్సీ తరఫున ఫిలిప్ సౌత్‌వెల్ 1942లో అమెరికా వెళ్లి సాయం అడిగాడు. ఓక్లహోమాకు చెందిన లాయిడ్ నోబుల్, మరో డ్రిల్లింగ్ కంపెనీతో కలిసి, లాభం పుచ్చుకోకుండా ఒప్పుకున్నాడు.

అమెరికన్లు తెచ్చిన రిగ్గు గోపురం 87 అడుగులే. జేబుకత్తిలా మడిచి, లారీ మీద పడుకోబెట్టి తీసుకుపోవచ్చు. రోజుకు 12 గంటల షిఫ్టులు, వారానికి ఏడు రోజులూ పని. ఏడాదిలో 106 బావులు, అంటే సగటున వారానికి రెండు. రోజుకు వందల బ్యారెళ్లున్న దిగుబడి మూడు వేలు దాటింది. పంపులకు ఆకుపచ్చ రంగు వేసి, ఈక్రింగ్ పక్కనున్న డ్యూక్స్ వుడ్ అనే అడవి చెట్ల మధ్య దాచారు.

చిక్కల్లా తిండి దగ్గరే వచ్చింది. యుద్ధకాలపు రేషన్ ఈ కష్టజీవుల ఆకలికి ఏ మూలకూ రాలేదు. చివరికి అమెరికన్ సైన్యపు సరుకులు తెప్పించాల్సి వచ్చింది.

1943 నవంబరులో హెర్మన్ డౌతిట్ అనే కార్మికుడు రిగ్గు గోపురం పైనుంచి జారిపడి చనిపోయాడు. కేంబ్రిడ్జ్ దగ్గరి అమెరికన్ సైనిక శ్మశానంలో ఖననం చేశారు. మిగతా 41 మంది 1944 మార్చిలో ఇంటిదారి పట్టారు.

ఈ చమురే బ్రిటన్‌ను గట్టెక్కించిందని కొందరు రాస్తుంటారు. అది కాస్త ఎక్కువే. రోజుకు మూడు వేల బ్యారెళ్లు యుద్ధం చేస్తున్న దేశానికి చాలవు. సింహభాగం సముద్రం దాటే రావాల్సి వచ్చింది. నిజంగా చేసిందేమిటంటే, చిన్న క్షేత్రాన్ని ఇంత వేగంగా తవ్వొచ్చని చూపించడం. అలాగే చమురు కనుగొన్న ఘనత డార్సీ భూగర్భ శాస్త్రవేత్తలదే. అమెరికన్లు రావడానికి దాదాపు నాలుగేళ్ల ముందే వాళ్లు దాన్ని పట్టుకున్నారు.

1960ల మధ్యలో డ్యూక్స్ వుడ్ పంపులు ఆగిపోయాయి. 1991లో అక్కడ ఏడడుగుల కంచు విగ్రహం నిలిపారు, తలకు హెల్మెట్, చేతిలో పైపు రెంచితో. అలాంటిదే మరొకటి ఓక్లహోమాలోని ఆర్డ్‌మోర్‌లో 2001 నుంచి ఉంది. అడవి ఇప్పుడు ప్రకృతి సంరక్షణ ప్రాంతం. దారి పక్కన ఒకటి రెండు పాత పంపులు చెట్ల నీడలో తల వంచుకుని కనిపిస్తాయి.