గుమ్మం దగ్గర ఎవరిని నమ్మాలి

గేటుకు అంకెల తాళం కొనబోయేవాళ్లు మొదట అడిగేది ‘ఎంత గట్టిది?’ అని. ఉత్తరాంధ్ర చరిత్ర చూస్తే అది రెండో ప్రశ్న కావాలి. ఎవరిని రానివ్వాలి, ఆ సంగతి ఎవరు గుర్తుపెట్టుకోవాలి అన్నది మొదటిది. 1713లో మొదలైన విజయనగరం కోటకు రాతి గోడలు, నాలుగు మూలలా బురుజులు, చుట్టూ కందకం ఉన్నా ప్రధాన ద్వారాలు రెండే పెట్టారు. తూర్పు ద్వారం మీద నగారఖానా కట్టారు. ప్రముఖులెవరైనా వస్తే అక్కడి నగారా ఊరంతటికీ చెప్పేది. అంత మందం గోడ కట్టుకున్నవాళ్లకు కూడా వచ్చేవాణ్ణి పోల్చుకుని చాటే మనిషి అవసరమయ్యాడు.

గోడ బలమే అసలు సంగతని వాదించేవాళ్లకు బొబ్బిలి ఉంది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు ఆ కోట నిలవలేదు. వీరత్వానికి లోటు లేకపోయినా గోడ కూలింది, కాదనలేం. అయితే కథ అక్కడితో అయిపోలేదు. ఫ్రెంచివాళ్లతో కలిసి గెలిచిన విజయనగరం రాజు విజయరామరాజు చుట్టూ సొంత సైన్యం, ఫ్రెంచి సైన్యం ఉండగానే మూడో రాత్రి తన గుడారంలో హతమయ్యాడు. అతన్ని చంపిన బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి పేరు ఈ ప్రాంతంలో తెలియనివారుండరు. ఆ రాత్రి ఆయుధాలకు కొదవ లేదు, లోపలికి వచ్చినవాణ్ణి ఆనవాలు పట్టే కన్ను కరవైంది. తాళాల చరిత్రా ఇలాగే నడిచింది. ఇంగ్లండులో ఎవరూ తెరవలేరని పేరుబడ్డ బ్రామా తాళాన్ని 1851లో లండన్‌లో హాబ్స్ అనే అమెరికన్ 51 గంటలు కూర్చుని తీశాడు. గట్టితనం దొంగను ఆలస్యం చేస్తుందంతే. ఆ ఆలస్యాన్ని గమనించేవాడు ఒకడుండాలి.

మామూలు ఇళ్లలో ఆ పని అరుగుది. ఒకదాన్నొకటి ఆనుకుని బారుగా కట్టిన ఇళ్లు, వాటి ముందు అరుగులు శ్రీకాకుళం పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. తలుపుకు లోపల అడ్డగడియ, బయట గొళ్లెం. పగటి కాపలా అరుగు మీది ముసలివాళ్లది. ఇదంతా పాతకాలం మీద మోజని ఎవరైనా అంటే కొంత ఒప్పుకోవాలి. ఎవరు అరుగెక్కవచ్చో, ఎవరు వీధిలోనే నిలబడాలో కులం తేల్చేది. అంకెల పెట్టెకు కులం తెలియదు, ఆ మేరకు మెరుగే. కానీ అంకె ఎవరికి చెప్పాలో తేల్చేది ఇంటివాళ్లు. రోజూ వచ్చే పనిమనిషిని గేటు బయటే నిలబెట్టే ఇంట్లో పాత అరుగు ఎక్కడికీ పోలేదు. ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. చూసే మనుషులే ఊళ్లో లేరు. విశాఖకో హైదరాబాదుకో చెన్నైకో వలసపోయినవాళ్ల ఇళ్లకు తాళాలు వేలాడుతున్నాయి. ఊరెళ్లేవాళ్లు యాప్‌లో చెబితే ఇంట్లో కెమెరా అమర్చే ఏర్పాటు రాష్ట్ర పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ పేరుతో చేశారు. అరుగు చేసిన పని పోలీసుల మీద పడిందన్నమాట.

అంకెల తాళాన్ని ఈ లెక్కలోనే చూడాలి. నాలుగంకెల సంకేతాలు 10,000 కుదురుతాయి. ఏళ్ల తరబడి ఒకటే నొక్కితే ఆ నాలుగు మీటలే అరిగి బయటపడతాయి, ఇక ప్రయత్నించాల్సినవి 24 వరసలే. గేటు మందం ఎంతున్నా దీనికి విరుగుడు కాదు. మనిషికో సంకేతం ఇచ్చి, పని మానేసిన డ్రైవరుది మాత్రం తీసేయగల తాళమే కొనదగ్గది. కరెంటు సంగతీ అడగాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు తాళం తెరుచుకుపోతుందా, బిగుసుకుపోతుందా? బ్యాటరీతో పాటు మామూలు తాళంచెవితోనూ తెరుచుకునేది తీసుకోవడం మంచిది. ఆ చెవి ఇంట్లోనే ఉంటే బయట నిలబడ్డవాళ్లకు పనికిరాదు, కాబట్టి దాన్ని వీధిలో ఎవరి చేతికివ్వాలో కూడా ముందే తేల్చుకోవాలి.