యాదృచ్ఛిక విభజన: లెక్క నుంచి చికిత్స దాకా

కొన్ని వస్తువులలోంచి కొన్నింటిని ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చునన్న ప్రశ్న భారతీయ గణితంలో చాలా పాతది. ఆరు రుచులను ఒక్కొక్కటిగాను, రెండేసి, మూడేసి కలుపుతూను పోతే మొత్తం 63 మేళవింపులు వస్తాయని ప్రాచీన వైద్య గ్రంథాలే లెక్కకట్టగా, 9వ శతాబ్దిలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో జీవించిన మహావీరాచార్యుడు ఎన్ని వస్తువులకైనా వర్తించే సూత్రాన్ని ‘గణితసారసంగ్రహం’లో చెప్పాడు. అయితే మనుషులను వర్గాలుగా విడదీసి ఒక చికిత్స గుణాన్ని తేల్చడానికి ఈ లెక్కను ప్రమాణంగా నిలపడం 20వ శతాబ్దిలో గాని జరగలేదు.

ఎనిమిది మందిని చీట్లు తీసి నలుగురేసి చొప్పున రెండు జట్లు చేస్తే, మొదటి జట్టు 70 విధాలుగా ఏర్పడవచ్చు. ఆ 70 విధాలకూ సమానావకాశం ఉండేలా విడదీయడమే యాదృచ్ఛిక విభజన. ఇద్దరు మిత్రులు ఒకే జట్టులో పడే సంభావ్యత సగమని తోస్తుంది గాని, ఒకరికి చోటు దొరికాక మిగిలే ఏడు చోట్లలో ఆ జట్టువి మూడే కనుక, అది ఏడింట మూడు వంతులే. గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ 1935 నాటి తన గ్రంథంలో ఎనిమిది కప్పుల తేనీటి ఉదాహరణతో వివరించినది ఈ 70 లెక్కనే. విభజన యాదృచ్ఛికమైతేనే ఫలితం కేవలం కాకతాళీయమా కాదా అన్నది లెక్కకు అందుతుందని ఆయన స్థాపించాడు.

ఈ సూత్రం రోగుల మంచాల దాకా రావడానికి ఒక కొరత కారణమైంది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం బ్రిటన్‌కు క్షయ మందైన స్ట్రెప్టోమైసిన్ కొద్దిగానే లభించింది. అందరికీ చాలని మందును చీటీ ప్రకారం ఇవ్వడం అన్యాయం కాదని గణాంకవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్ భావించాడు. అంతకుముందు రోగులను ఒకరు విడిచి ఒకరుగా పంచడం వాడుక, కాని తరువాతి వంతు ఎవరిదో వైద్యునికి ముందే తెలియడం వల్ల అందులో పక్షపాతానికి తావుండేది. అందుకే హిల్ యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ఆధారంగా చీట్లు రాయించి, మూసిన కవర్లలో పెట్టించి, రోగిని చేర్చుకున్నాకనే తెరిపించాడు. 1948లో వెలువడిన నివేదిక ప్రకారం 107 మంది క్షయరోగులలో మందు పొందిన 55 మందిలో ఆరు నెలలలో నలుగురు, పడక విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది మరణించారు. మందుకు ఏ గుణమూ లేదనుకుంటే ఆ 18 మందీ ఏ వర్గంలో పడినా మరణించేవారే. వారిలో నలుగురో అంతకన్నా తక్కువ మందో మాత్రమే 55 మంది వర్గంలో పడే సంభావ్యత నూటికి ఒకటి కన్నా తక్కువ. వైద్యునికి ఎంపికలో ప్రమేయం లేకపోవడం వల్లనే ఈ చిన్న భిన్నానికి అంతటి సాక్ష్యబలం వచ్చింది.

క్షయరోగికి శానిటోరియం వాసం, పుష్టికరమైన ఆహారం తప్పనిసరి అన్న నమ్మకం మాత్రం ఆ తరువాత కూడా బలంగానే ఉండేది. దానిని పరీక్షించడానికి 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడి, నగరంలోని పేద రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసి, ఒకే మందులను ఒక వర్గానికి శానిటోరియంలోను, రెండవ వర్గానికి ఇంటివద్దను ఏడాదిపాటు ఇచ్చింది. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉంటూ మందులు వాడినవారు కూడా శానిటోరియం రోగులతో దాదాపు సమానంగా కోలుకున్నారని 1959లో ప్రకటితమైన నివేదిక తేల్చింది.