ఢిల్లీ సర్వర్ గదులు: సలహా నుంచి ఆజ్ఞ దాకా

కంప్యూటర్ నెట్‌వర్క్‌ను కాపాడేవాళ్ళకు చెప్పాల్సిన జాగ్రత్తల్లో చాలా భాగం 1991 జులైలోనే రాసేశారు. ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్ తరఫున వెలువడిన ఆ పత్రం పేరు ‘సైట్ సెక్యూరిటీ హ్యాండ్‌బుక్’, వరుస సంఖ్య 1244. నీ దగ్గర ఏమేం ఉన్నాయో ముందు లెక్క రాసుకో, ఎవరికి ఏది అందాలో తేల్చుకో, పాస్‌వర్డులు గట్టిగా పెట్టు, బ్యాకప్ తియ్యి, దాడి జరిగితే ఎవరు ఏం చేయాలో ముందే నిర్ణయించుకో అని అందులో ఉంది. 1997 సెప్టెంబరులో దాన్ని సవరించి 2196వ సంఖ్యతో మళ్ళీ విడుదల చేశారు. తీసిన బ్యాకప్ బాగానే ఉంటుందని నమ్మి కూర్చోవద్దని అందులో విడిగా హెచ్చరించారు. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా చదువుకోగల పత్రాలివి. ఓఖ్లా, నోయిడా, గుర్గావ్ సర్వర్ గదుల్లో ఇన్నేళ్ళు పనిచేశాక నాకు అర్థమైంది ఇదే: సలహాకు ఎప్పుడూ కరువు లేదు. దాన్ని పాటించడానికి కావలసిన సమయం, డబ్బు, అధికారం మాత్రం ఆ గదిలో కూర్చున్న మనిషికి చాలా ఆలస్యంగా, అదీ అరకొరగా అందాయి.

అసలు ఆ పత్రం పుట్టడానికి ముందు ఒక దెబ్బ తగిలింది. 1988 నవంబరు 2న అమెరికాలో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన కంప్యూటర్ పురుగు (వార్మ్) అప్పటి ఇంటర్నెట్‌లో సుమారు 6,000 యంత్రాలను స్తంభింపజేసిందని అంచనా. ఆ వెంటనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదటి అత్యవసర స్పందన బృందం, అంటే సర్ట్, ఏర్పడింది.

అప్పట్లో ఢిల్లీలో ఆ వార్త చదివినవాళ్ళు తక్కువ, భయపడినవాళ్ళు ఇంకా తక్కువ. కారణం ఉంది. 1976లో పుట్టిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ 80వ దశకం చివరికి ఉపగ్రహం ద్వారా జిల్లా కలెక్టరేట్లను ఢిల్లీకి కలుపుతోంది. రైల్వే టికెట్ల కంప్యూటర్ న్యూఢిల్లీలో 1986లో మొదలైంది. ఒక ఊరి నుంచి మరో ఊరి టికెట్ కూడా ఇచ్చే ‘కన్సర్ట్’ వ్యవస్థను 1994లో మొదట మన సికింద్రాబాద్‌లోనే పెట్టారు. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ అయిదూ ఒకే తీగ మీదికొచ్చాయి. ఇవన్నీ మూసి ఉన్న నెట్‌వర్కులు, బయటివాడికి దారే లేదు. అందుకే ఆ రోజుల్లో భద్రత అంటే గది తలుపుకు తాళం, ఏసీ ఆగకుండా చూసుకోవడం, చెప్పులు గుమ్మం బయట విడవడం. ఢిల్లీ ఎండాకాలపు దుమ్ము డిస్కు మీద పడితే ఎంత నష్టమో ఆ తరానికి బాగా తెలుసు. ఇక వైరస్ వచ్చేది ఫ్లాపీలో. 1986లో లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు రాసిన ‘బ్రెయిన్’ వైరస్‌లో వాళ్ళ పేర్లు, చిరునామా, ఫోన్ నంబరు కూడా ఉన్నాయి.

1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ఇంటర్నెట్‌ను జనానికి తెరిచింది. మొదటి నగరాల్లో ఢిల్లీ ఒకటి. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకూ అనుమతి వచ్చింది. ఈలోగా 1997లో జి.ఇ. గుర్గావ్‌లో బ్యాక్ ఆఫీసు తెరిచింది, దాని వెనక మిగతావాళ్ళు వచ్చారు. మూసి ఉన్న గదికి పెద్ద కిటికీ పడింది. ఆ కిటికీ దగ్గర కాపలాకు ఎవర్ని పెట్టారు? నెహ్రూ ప్లేస్‌లో మదర్‌బోర్డులు బిగించిన కుర్రాళ్ళను, ఎన్.ఐ.ఐ.టి.లో ఒక కోర్సు చేసినవాళ్ళను, లెక్కల విభాగంలో కాస్త కంప్యూటర్ తెలిసిన గుమాస్తాను. వాళ్ళను చులకన చేసి ఈ మాట అనడం లేదు. ఈ ప్రాంతంలో వేలాది చిన్న కంపెనీలను నిలబెట్టింది వాళ్ళే. రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే స్కూటరేసుకుని వచ్చి స్విచ్ మార్చి వెళ్ళేవారు. కానీ వాళ్ళ పని నెట్ నడిపించడం వరకే అనుకున్నారు యజమానులు. నెట్‌ను కాపాడటం కూడా ఒక పనేనని, దానికి వేరే గంటలు కావాలని ఎవరికీ తోచలేదు. దానికి తోడు దొంగ కాపీ విండోస్. లైసెన్స్ లేని యంత్రానికి అప్‌డేట్ వేస్తే ఎక్కడ ఆగిపోతుందోనని భయం. దాంతో లోపాలు అలాగే మిగిలిపోయేవి.

2000 మే 4న ‘ఐ లవ్ యూ’ అనే వైరస్ మెయిల్ ప్రపంచాన్నంతా చుట్టేసింది. అదే ఏడాది అక్టోబరు 17న మన ఐటీ చట్టం అమల్లోకి వచ్చింది. అందులో దొంగను శిక్షించడం గురించి ఉన్నంతగా కాపలావాడు ఏం చేయాలన్నది లేదు.

2003 మాత్రం అందరికీ గుర్తుండే ఏడాది. జనవరి 25 శనివారం ‘స్లామర్’ అనే పురుగు బయటపడింది. దాని మొత్తం పరిమాణం 376 బైట్లు, అంటే ఈ పేరా కంటే చాలా చిన్నది. పది నిమిషాల్లో ప్రపంచంలో దానికి దొరికే సర్వర్లలో దాదాపు 90 శాతాన్ని అందుకుంది. దానికి ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, అంతకు ఆరు నెలల ముందే, 2002 జులైలో వచ్చింది. ఆగస్టులో ‘బ్లాస్టర్’ వచ్చింది. అప్పుడు నేను ఓఖ్లాలో ఒక ఎగుమతి కంపెనీలో నలభై కంప్యూటర్లు చూస్తున్నాను. జులై 16నే మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది, నేను చదివాను. రెండు గంటలు యంత్రాలు ఆపుతానంటే నెలాఖరు బిల్లులు అయ్యాక చూద్దామన్నారు. నేనూ గట్టిగా అడగలేదు. ఆగస్టు 12 పొద్దున ఒక్కో తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది: ఈ యంత్రం 60 సెకన్లలో ఆగిపోతుంది. 59, 58, 57. టైపిస్టు అమ్మాయి లేచి నిలబడి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ‘రన్’లోకి వెళ్ళి ‘షట్‌డౌన్, గీత, ఎ’ కొడితే ఆ లెక్క ఆగుతుందని మధ్యాహ్నానికి తెలిసింది. అప్పటికే ఎవరో సేవ్ చేయని షిప్పింగ్ పత్రాలు పోయాయి. ప్యాచ్‌ను సిడి మీద రాసుకుని, కేబుల్ పీకి, ఒక్కో యంత్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వేసేసరికి రెండు రోజులు పట్టింది. అడిగిన సమయం రెండు గంటలు.

ఆ అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. మనకు అది రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో అందుతుంది. 2004 జనవరిలో ఢిల్లీ సీజీవో కాంప్లెక్స్‌లో మన దేశపు సర్ట్, అంటే సర్ట్-ఇన్, ఏర్పడింది. ఏ సాఫ్ట్‌వేర్‌లో లోపం, తీవ్రత ఎంత, విరుగుడేమిటి అని మన దేశపు సంస్థే చెప్పడం అదే మొదలు. పార్కింగ్ దొరకని ఆ సర్కారు భవనాల మధ్య నుంచి వచ్చే ఆ పత్రాలను నేను వరుసగా అచ్చు తీసి ఫైల్లో పెట్టేవాణ్ణి. మేనేజరుకు చూపించి గంట సమయం అడగడానికి ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం పనికొచ్చేది.

2008లో ఐటీ చట్టాన్ని సవరించి, 2009 అక్టోబరు 27 నుంచి అమలు చేశారు. సర్ట్-ఇన్‌కు చట్టబద్ధమైన హోదా వచ్చింది. సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని నిర్లక్ష్యంగా పోగొట్టిన కంపెనీ పరిహారం కట్టాలన్నారు. 2010 ఏప్రిల్‌లో టొరంటో పరిశోధకులు వెలువరించిన నివేదిక ఢిల్లీ ప్రభుత్వ కార్యాలయాలను కుదిపేసింది. జాతీయ భద్రతా మండలి సచివాలయం కంప్యూటర్లలోకి కూడా గూఢచారులు చొరబడ్డారని అది చెప్పింది. వాళ్ళు పంపిన ఎర మామూలు మెయిల్, దానికొక అటాచ్‌మెంట్. 2017లో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే ‘వనాక్రై’ వచ్చింది. ప్యాచ్ మార్చి 14న, దాడి మే 12న. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. స్లామర్‌కి ఆరు నెలలు, బ్లాస్టర్‌కి నెల కూడా కాదు, దీనికి రెండు నెలలు. గడువు ఎంతైనా కథ ఒక్కటే.

2022 జనవరిలో హైదరాబాద్‌లో ఏ.పీ. మహేశ్ సహకార బ్యాంకు నుంచి 12 కోట్ల 48 లక్షలు పోయాయి. ఉద్యోగులకు వచ్చిన దొంగ మెయిళ్ళే దానికి మొదటి మెట్టు. ఆ ఏడాదే ఢిల్లీలో అంతకంటే పెద్ద ఉపద్రవం జరిగింది.

నవంబరు 23 పొద్దున అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్) సర్వర్లు ఆగిపోయాయి. ఓపీ చీటీ, రక్త పరీక్ష, డిశ్చార్జి, బిల్లు అన్నీ మళ్ళీ చేత్తో రాసుకోవలసి వచ్చింది. దాదాపు రెండు వారాలు అదే తీరు. బీహార్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, మన శ్రీకాకుళం నుంచి కూడా అక్కడికి రోగులు వస్తారు. అలాంటి చోట కంప్యూటర్ ఆగడమంటే వరుసలో ఇంకో రోజు నిలబడటం. దాడిలో అయిదు సర్వర్లు దెబ్బతిన్నాయని, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే కారణమని ఆ జవాబులో రాశారు.

ఈ విభజన గురించి కాస్త చెప్పాలి. వరి పొలంలో మడికీ మడికీ మధ్య గట్టు ఉంటుంది. ఒక మడిలోకి చెడ్డ నీరు వస్తే గట్టు ఆపుతుంది, మడవ ఎక్కడ తీయాలో రైతుకు తెలుసు. నెట్‌వర్క్‌లో ఆ గట్లే వీల్యాన్లు, మడవలే ఫైర్‌వాల్ నియమాలు. రిసెప్షన్ కంప్యూటర్ నుంచి మందుల సర్వర్‌కు, సీసీ కెమెరా నుంచి జీతాల ఫోల్డర్‌కు దారి ఉండకూడదు. గట్లు వేయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, చాలా ఆఫీసుల్లో ఉన్న స్విచ్‌లే చాలు. కావలసింది, ఏ తీగ ఎక్కడికి పోతోందో కాగితం మీద గీసుకునే ఓపిక, రెండు ఆదివారాలు. ఆ ఆస్పత్రిని చివరికి ఒడ్డున పడేసింది బ్యాకప్. దాడి సోకని ఒక సర్వర్‌లో సమాచారం మిగిలి ఉంది, దాన్నే కొత్త సర్వర్లలోకి ఎక్కించారు. 1997 నాటి పత్రం అడిగింది అదే.

అంతకు ఏడు నెలల ముందు, 2022 ఏప్రిల్ 28న, సర్ట్-ఇన్ కొత్త ఆదేశాలు ఇచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు అదే, ఎందుకంటే అక్కడ సలహా ఆజ్ఞగా మారింది. దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో సర్ట్-ఇన్‌కు చెప్పాలి. యంత్రాలు రాసుకునే చిట్టాలు, అంటే లాగ్‌లు, 180 రోజులు దాచాలి. ఆదేశాలు ఆ జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చాయి, చిన్న పరిశ్రమలకు సెప్టెంబరు 25 దాకా గడువిచ్చారు. అందులో మరో నియమం ఉంది, చాలామంది పట్టించుకోనిది: అన్ని యంత్రాల గడియారాలూ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సమయంతో కలవాలి. పూసా రోడ్డు దగ్గరున్న ఆ ప్రయోగశాలే దేశానికి టైము చెప్పేది, అక్కడ అణు గడియారాలున్నాయి. ఫైర్‌వాల్ గడియారం గ్రీన్‌విచ్ సమయంలో, సర్వర్ పది నిమిషాలు వెనక, డోర్ కెమెరా పావుగంట ముందు ఉంటే దొంగ ఎప్పుడొచ్చాడో, ముందు ఏ తలుపు తీశాడో ఎవరూ చెప్పలేరు. నేను ఏ కొత్త ఆఫీసుకు వెళ్ళినా మొదట చూసేది గడియారాలనే. పది నిమిషాల పని, ఖర్చు సున్నా.

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. భద్రత చూసుకోని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా వేయవచ్చని అందులో రాశారు. యజమానులు ఇప్పుడు ఆ అంకె విని లేచి కూర్చుంటున్నారు.

అయినా మానేసర్‌లో, ఫరీదాబాద్‌లో, నోయిడాలో చిన్న కంపెనీల్లో ఇప్పటికీ ఒక్క మనిషే ఉంటాడు. ప్రింటరూ అతనే, కెమెరాలూ అతనే, వైఫై కూడా అతనే. ఇంటి నుంచి టాలీ లెక్కల సాఫ్ట్‌వేర్ చూడాలని యజమాని అడుగుతాడు, ఆ తొందరలో రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెడతారు. ఈ ప్రాంతంలో తాళం పడిన టాలీ ఫోల్డర్లు చూసినప్పుడల్లా నాకు ఎక్కువగా కనిపించిన దారి అదే. దాన్ని మూసి, వీపీఎన్ వెనక పెట్టి, లాగిన్‌కు రెండో తనిఖీ కలిపితే చాలావరకు తప్పించుకోవచ్చు. బ్యాకప్ డిస్కు పని అయ్యాక పీకేయాలి. యంత్రానికి తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది.

మొన్న జూన్‌లో నోయిడా సెక్టర్ 63లో ఒక ప్యాకింగ్ కంపెనీకి వెళ్ళాను. అక్కడి అడ్మిన్ నరసరావుపేట వైపు కుర్రాడు. “అన్నా, ఇది చూడండి” అని ర్యాక్ తలుపు లోపలివైపు చూపించాడు. ఒక కాగితం అంటించి ఉంది. పైన సర్ట్-ఇన్ నంబరు, దాని కింద ‘6 గంటలు’ అని ఎర్ర సిరాతో. ఆ కింద హిందీలో రెండు వాక్యాలు: అనుమానం వస్తే మెయిన్ స్విచ్ కేబుల్ పీకే అధికారం ఇతనికి ఉంది, ముందుగా ఎవరినీ అడగనక్కర్లేదు. దాని కింద యజమాని సంతకం, తేదీ. ఆ సంతకం పెట్టించడానికి నాలుగు నెలలు తిరిగానన్నాడు. ఆ వారమే ఒక శనివారం రాత్రి కూర్చుని బ్యాకప్ నుంచి టాలీని పాత ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి చూశాడట. మూడు గంటల నలభై నిమిషాలు పట్టిందని అదే కాగితం మీద పెన్సిల్‌తో రాసుకున్నాడు.