వ్యక్తికేంద్రిత ప్రణాళిక

వ్యక్తికేంద్రిత ప్రణాళిక అనగా మేధో వైకల్యము గల వ్యక్తికి అందించు సేవలను, సంస్థ సౌలభ్యమును బట్టి కాక, ఆ వ్యక్తి ఇష్టాయిష్టములు, సామర్థ్యములు ఆధారముగా రూపొందించు పద్ధతి. ఇది 1980వ దశకములో ఉత్తర అమెరికాలో రూపుదిద్దుకున్నది. 2001లో బ్రిటన్ ప్రభుత్వము దీనిని ఇంగ్లాండు కొరకైన తన విధానములో చేర్చినది.

ఆచరణ

వ్యక్తి, కుటుంబ సభ్యులు, మిత్రులు, సహాయకులు కలిసి కూర్చొని ప్రణాళిక వ్రాస్తారు. మాటలు రానివారి ఇష్టమును బొమ్మలు, సైగలు, దినచర్య పరిశీలన ద్వారా గ్రహిస్తారు. ఎవరు ఏ పని ఎప్పటిలోగా చేయవలెనో నిర్ణయించి, తరచుగా సమీక్షిస్తారు. ఉదాహరణకు, సూర్యాపేట జిల్లా మోతె వంటి గ్రామీణ మండలములో పశువులను ఇష్టపడే యువకునికి, అందరితోపాటు కొవ్వొత్తుల తయారీ కాక, పాడిపని నేర్పవచ్చును.

తెలంగాణలో

సికింద్రాబాదులో 1984లో స్థాపించబడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (తరువాత పేరు మారినది) ప్రత్యేక ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చుచున్నది. ప్రత్యేక విద్యలో వాడుకలో ఉన్న వ్యక్తిగత విద్యా ప్రణాళిక, బాలుడు ఏమి నేర్వవలెనో చెప్పును. వ్యక్తికేంద్రిత ప్రణాళిక అతడు ఎట్లు జీవింపగోరునో అడుగును.

చట్టము

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము పరిమిత సంరక్షకుడు వ్యక్తితో కలిసి, అతని అభీష్టము మేరకే నిర్ణయము తీసుకొనవలెను. ప్రణాళికా పత్రమున్నను, ఆ వ్యక్తిని అడగనిచో అది వ్యక్తికేంద్రితము కాజాలదు.